ప్రశ్న - జవాబు: ఆన్‌లైన్ అంగడిలో సెమాంటిక్ వెబ్

గత నెల ఈ శీర్షికలో సెమాంటిక్ వెబ్ ప్రస్తావన ఒకచోట వచ్చింది. వెబ్ పేజీలో ఉన్న విషయాన్ని మనిషి మాత్రమే కాక కంప్యూటర్ కూడా గ్రహించగలిగేలా రాసే పద్ధతి అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాం. ఆ వాక్యం మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ అమ్మకాల చుట్టూ తిరిగినవే కాబట్టి ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: సెమాంటిక్ వెబ్ మా సిలబస్‌లో ఒక యూనిట్. నిర్వచనాలు అప్పజెప్పగలను గానీ, సరుకులు అమ్ముకునే దుకాణానికి దీనితో పనేమిటో ఏ పుస్తకంలోనూ అర్థమయ్యేలా చెప్పలేదు. - ఎంసీఏ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఏదైనా ఆన్‌లైన్ దుకాణం పేజీ తెరిచి చూడండి. ఒకచోట 2,450 అని, దాని పైన కొట్టివేసిన 3,200 అని, కింద 3 అని, ఇంకో మూల 4.2 అని అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఇప్పటి ధర, రెండోది పాత ధర, మూడోది మిగిలిన సరుకు, నాలుగోది కొన్నవాళ్లు ఇచ్చిన మార్కులు అని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్‌కు మాత్రం అవి నాలుగు అంకెలు, అంతే. పేజీని రాసే హెచ్‌టీఎంఎల్ భాష ఏ అక్షరం ఎంత లావుగా, ఏ రంగులో కనబడాలో చెబుతుంది గానీ ఆ అంకె ధరా, బరువా, పిన్‌కోడా అన్నది చెప్పదు.

ఈ లోటును పూడ్చడానికి వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లో ఆర్‌డీఎఫ్ అనే ప్రమాణాన్ని వెలువరించింది. ఏ సంగతినైనా మూడు ముక్కలుగా చెప్పాలన్నది దాని సూత్రం: దేని గురించి చెబుతున్నాం, దాని ఏ గుణం గురించి చెబుతున్నాం, ఆ గుణం విలువ ఎంత. ఈ చీర, ధర, 2450. ఈ చీర, రంగు, ఆకుపచ్చ. చూడటానికి ఇది చాలా చిన్న సంగతి. అసలు బలం ఎక్కడుందంటే, ఆ చీరకూ, ధర అన్న గుణానికీ కూడా వెబ్ మీద ఒక్కో చిరునామా ఉంటుంది. అందువల్ల వరంగల్ దుకాణం చెప్పిన ధర, వారణాసి దుకాణం చెప్పిన ధర ఒకే గుణమని ఆ దుకాణాల గురించి ఏమీ తెలియని కంప్యూటర్ కూడా గుర్తుపట్టగలదు. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లాసిలాతో కలిసి 2001 మే నెల సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ ఆలోచన సామాన్య పాఠకుల దాకా వచ్చింది.

వ్యాపారానికి దీన్ని నిజంగా అన్వయించిన వ్యక్తి జర్మనీలోని మ్యూనిక్ బుందెస్‌వేర్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ హెప్. ఆయన 2008లో విడుదల చేసిన గుడ్‌రిలేషన్స్ అనే పదజాలం, అంటే సరుకులకూ అమ్మకాలకూ సంబంధించిన గుణాలకు అందరూ వాడుకునే పేర్ల జాబితా, మీ సిలబస్‌లో లేకపోతే విడిగానైనా చదవండి. అందులో నాకు అన్నిటికన్నా నచ్చినది ఒక విభజన. సరుకు వేరు, దాన్ని అమ్ముతామని ఇచ్చే మాట వేరు అంటుంది గుడ్‌రిలేషన్స్. ధర సరుకుకు సంబంధించిన గుణం కాదు. ఫలానా దుకాణం, ఫలానా సరుకును, ఫలానా మొత్తానికి, ఫలానా తేదీ వరకు, ఫలానా ఊళ్లకు ఇస్తానని చెప్పిన మాటకు సంబంధించిన గుణం. ఒకే ఫోన్‌ను 40 దుకాణాలు అమ్మితే సరుకు ఒక్కటే, మాటలు 40. ఈ తేడాను ముందుగా పట్టుకోవడం వల్లనే ఆ పదజాలం నిలబడింది. అమెరికాలో ఎలక్ట్రానిక్ వస్తువులు అమ్మే బెస్ట్ బై సంస్థ 2009లో తన దుకాణాల పేజీల్లో దాన్ని వాడటం మొదలుపెట్టింది.

ప్రశ్న: మాది మూడు తరాలుగా గద్వాల చీరల వ్యాపారం. రెండేళ్ల కిందట సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నాం. గూగుల్‌లో వెతికితే పెద్ద కంపెనీల చీరలకు బొమ్మ, ధర, నక్షత్రాలు కనిపిస్తున్నాయి, మా పేజీకి మాత్రం ఉత్త పేరే వస్తోంది. స్కీమా అనే కోడ్ పెట్టాలని మా మేనల్లుడు అంటున్నాడు. అది పెడితే సరిపోతుందా? అందులో ఏం రాయాలి? - చేనేత వస్త్ర వ్యాపారి, గద్వాల

జవాబు: మీ మేనల్లుడు చెప్పింది సరైన మాటే. స్కీమా డాట్ ఆర్గ్ అనేది 2011 జూన్‌లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి ప్రారంభించిన ఉమ్మడి పదజాలం. అదే ఏడాది రష్యాకు చెందిన యాండెక్స్ వాటితో చేరింది. ముందు జవాబులో చెప్పిన గుడ్‌రిలేషన్స్ పదాలు 2012లో ఇందులో కలిసిపోయాయి. కాబట్టి ఇవాళ మీరు స్కీమా రాస్తే ఆ రెండింటినీ వాడినట్టే. రాసే రూపం జేసన్-ఎల్‌డీ. ఇది 2014లో ప్రమాణమైంది. పేజీలో కంటికి కనిపించకుండా ఒక మూల ఉండే చిన్న పట్టిక అనుకోండి. మీ సైట్ వూకామర్స్ అనే రెడీమేడ్ దుకాణ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే పేరు, ధర వంటి ప్రాథమిక వివరాలను అదే నింపేస్తుంది. కాబట్టి కోడ్ ఉందా లేదా అని చూసే ముందు, అందులో ఏం నిండి ఉందో చూడమనండి.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే అసలు పని ఇక్కడే ఉంది. గద్వాల చీర గొప్పతనం ఒళ్లు నూలు కావడం, అంచూ కొంగూ పట్టు కావడం, ఆ రెండింటినీ కుప్పడం పద్ధతిలో కలిపి నేయడం. స్కీమాలో మెటీరియల్ అనే గుణం ఉంది. అక్కడ మీరు పట్టు అని రాస్తే అది అబద్ధం, ఎందుకంటే ఒళ్లంతా నూలు. నూలు అని రాస్తే మీ చీర ధర చూసినవాళ్లు ఇంత ఖరీదేమిటని పక్కకు పోతారు. రెండూ రాస్తే అబద్ధం కాదు గానీ, నూలూ పట్టూ కలిపి వడికిన దారంతో నేసిన చీరకూ మీ చీరకూ తేడా యంత్రానికి తెలియదు. దీనికి మార్గం అడిషనల్ ప్రాపర్టీ అనే గుణం. అందులో మీకు కావలసిన పేరు పెట్టి దానికి విలువ ఇవ్వవచ్చు. చీర ఒళ్లు: నూలు. అంచు: పట్టు. కొంగు: పట్టు. అంచు కలిపిన పద్ధతి: కుప్పడం. జరీ ఏ రకం, బ్లౌజు పీసు కలిసి ఉందా లేదా, ఉంటే చీర పొడవు ఎంత, బ్లౌజు పీసు ఎంత అన్నవి విడివిడిగా రాయండి. పొడవుకు మీటర్ల గుర్తు కూడా ఇవ్వండి. ఈ వివరాలన్నిటినీ సెర్చ్ ఇంజిన్లు ఇవాళే చూపిస్తాయని నేను చెప్పను. పేరు, బొమ్మ, ధర, లభ్యత, సమీక్షలు, పంపకం, వాపసు వంటివే అవి ప్రధానంగా వాడుకుంటాయి. అయినా రాయమంటున్నాను. కారణం ఏమిటంటే, మీ చీరను వర్ణించడానికి కావలసిన జ్ఞానం మీ దగ్గరే ఉంది. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో సరుకు పెట్టే ఫారంలో ఫ్యాబ్రిక్ అన్న గడికి ఒకే జవాబు ఎంచుకోమని అడిగితే గద్వాల చీర, ఏదో ఒక సిల్క్ చీరగానో కాటన్ చీరగానో మారిపోతుంది. మీ సొంత పేజీ మీద ఆ నిర్బంధం లేదు.

ధర విషయంలో రెండు జాగ్రత్తలు. 8,500 అని కామాతో రాయకుండా కోడ్‌లో 8500 అనే రాయాలి. కరెన్సీని ఐఎన్ఆర్ అనే మూడక్షరాల కోడ్‌తో వేరుగా ఇవ్వాలి. పేజీ మీద చూసేవాళ్లకు కామా, రూపాయి గుర్తు మామూలుగానే ఉంచుకోవచ్చు. లభ్యతలో స్టాక్‌లో ఉంది, అయిపోయింది అన్నవే కాక, ఆర్డర్ ఇస్తే నేసి ఇస్తాం అనే విలువ కూడా స్కీమాలో ఉంది. మగ్గం మీద ఉన్న చీరను స్టాక్‌లో ఉందని చూపించి, తర్వాత కొన్నవాళ్లను వారాల తరబడి ఎదురుచూపించడం కంటే ఇది ఎంతో మేలు. చేనేతలో ప్రతి చీరా దాదాపు ఒకదానికొకటి భిన్నం కనుక బార్‌కోడ్ లేదని దిగులు పడకండి. మీరు పెట్టుకున్న సొంత నంబరును ఎస్‌కేయూగా, అంటే దుకాణం తన సరుకుకు తానే పెట్టుకునే గుర్తు సంఖ్యగా, ఇస్తే చాలు, ఆ నంబరును ఒకసారి వాడాక ఇంకో చీరకు మళ్లీ ఇవ్వకండి.

సరిపోతుందా అని అడిగారు. ఈ కోడ్ పెట్టినంత మాత్రాన ర్యాంకు పైకి రాదని గూగులే స్పష్టంగా చెబుతుంది. పేజీ కనిపించే తీరు మెరుగుపడే అవకాశం వస్తుంది, అదీ హామీ కాదు. కోడ్ పెడితే మొదటి పేజీలో నిలబెడతామని డబ్బు అడిగేవారు ఎవరైనా వస్తే వారిని మర్యాదగా పంపించేయండి.

ప్రశ్న: వంటనూనె ప్యాకెట్లు ఒకటి లీటరు అంటుంది, ఒకటి 910 గ్రాములు, ఇంకొకటి 870 గ్రాములు. ధరలు చూస్తే ఏది చవకో తెలియక ప్రతిసారీ ఫోన్‌లో లెక్కలు వేసుకుంటున్నాను. ఇంత కంప్యూటర్ యుగంలో ఈ పని అదే చేయకూడదా? - గృహిణి, విజయవాడ

జవాబు: చేయవచ్చు, చేయాలి కూడా. అందుకు కావలసినవన్నీ ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి. మీ ఉదాహరణనే తీసుకుందాం. 910 గ్రాముల ప్యాకెట్ 160 రూపాయలు, 870 గ్రాములది 156 రూపాయలు అనుకుంటే, నాలుగు రూపాయలు తక్కువని రెండోదానివైపే చెయ్యి వెళుతుంది. కిలో లెక్కన చూస్తే మొదటిది దాదాపు 175 రూపాయల 80 పైసలు, రెండోది 179 రూపాయల 30 పైసలు. చవకగా కనిపించినదే ఖరీదైనది. వంటనూనె లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి లీటరు ప్యాకెట్‌ను కూడా ఇదే వరుసలో పెట్టవచ్చు.

దుకాణం తన పేజీలో బరువును 870 గ్రా అని మామూలు అక్షరాలుగా రాసి వదిలేస్తే కంప్యూటర్ దాన్ని ఊహించి పట్టుకోవాలి. గ్రా, గ్రాములు, జీఎం, గ్రామ్స్ అని ఒక్కో దుకాణం ఒక్కో రకంగా రాస్తుంది. స్కీమాలో అంకెను ఒక గడిలో, కొలతను ఇంకో గడిలో ఇస్తారు. కొలతకు ఐక్యరాజ్యసమితి వాణిజ్య విభాగం కోడ్‌లను వాడతారు: కిలోకు కేజీఎం, గ్రాముకు జీఆర్ఎం, మీటరుకు ఎంటీఆర్. ఏ దేశపు దుకాణమైనా అవే కోడ్‌లు. కిలోకు ఎంత అన్న ధరను విడిగా చెప్పే ఏర్పాటు కూడా ఉంది. మన దేశంలో ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధరతోపాటు యూనిట్ ధరను ముద్రించాలనే నిబంధన ఇప్పుడు ఉంది కనుక ఆ అంకె దుకాణాలకు తెలియనిదేమీ కాదు.

మరి మీ ఫోన్‌లో ఎందుకు కనిపించడం లేదంటే, చూపించాలని గట్టిగా అనుకునేవారు తక్కువ. ధరల పోలిక తేలికైతే కొనేవారికి లాభం, 40 గ్రాములు తగ్గించి పాత ధరకు దగ్గరగా అమ్మేవారికి నష్టం. ఇది సాంకేతిక సమస్య కాదని నా నమ్మకం. మీరు వాడే యాప్‌లో యూనిట్ ధర కనిపించకపోతే వారి సహాయ విభాగానికి తప్పకుండా రాయండి. చాలామంది అడిగితే తప్ప కదలని విషయాల్లో ఇది ఒకటి.

ప్రశ్న: బార్‌కోడ్ 890తో మొదలైతే అది మన దేశంలో తయారైన సరుకేనా? ఆన్‌లైన్‌లో ఆ నంబరు ఎందుకు అడుగుతారు? - కిరాణా వ్యాపారి, కాకినాడ

జవాబు: కాదు. 890 అంటే ఆ నంబరును తీసుకున్న సంస్థ, బార్‌కోడ్ నంబర్లు కేటాయించే జీఎస్1 ఇండియా దగ్గర నమోదు చేసుకుందని మాత్రమే అర్థం. సరుకు ఎక్కడ తయారైందో అది చెప్పదు. మన దేశపు సంస్థ వేరే దేశంలో చేయించుకున్న వస్తువు మీద కూడా 890 ఉండవచ్చు. తయారైన దేశం తెలియాలంటే ప్యాకెట్ మీద కంట్రీ ఆఫ్ ఆరిజిన్ అన్నచోట చూడాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సరుకుకు ఆ వివరం చూపించి తీరాలి. స్కీమాలోనూ దానికి ప్రత్యేకమైన గుణం ఉంది.

ఆ 13 అంకెల్లో చివరిది సరిచూసే అంకె. ఉదాహరణకు 890123456789 అన్న 12 అంకెలు తీసుకోండి. ఎడమనుంచి బేసి స్థానాల్లో ఉన్నవి 8, 0, 2, 4, 6, 8. వాటి మొత్తం 28. సరి స్థానాల్లో ఉన్నవి 9, 1, 3, 5, 7, 9. వాటి మొత్తం 34, దాన్ని మూడుతో గుణిస్తే 102. రెండూ కలిపితే 130. అది పదితో నిశ్శేషంగా భాగమైంది కనుక చివరి అంకె సున్న. మొత్తం 134 వచ్చి ఉంటే 140కి చేర్చడానికి 6 రాసేవారు. నంబరు కొట్టేటప్పుడు ఒక అంకె తప్పుపడితే యంత్రం వెంటనే పట్టేది ఇలాగే.

ఆన్‌లైన్‌లో ఈ నంబరు అడగడానికి కారణం, పది దుకాణాలు ఒకే సబ్బును పది పేర్లతో రాసినా అది ఒకే సరుకని తేల్చేది ఇదే. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్ మీద చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదలైన బార్‌కోడ్, సెమాంటిక్ వెబ్‌కు ఇంత అవసరమైన ఆధారమవుతుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు. లైసెన్స్ లేకుండా ఎక్కడో దొరికిన నంబరును మాత్రం మీ సరుకుకు అంటించకండి. మీ పచ్చడి సీసా వేరొకరి షాంపూతో కలిసిపోతుంది.

ప్రశ్న: 2001లో చెప్పిన కల ఇరవై ఏళ్లు దాటినా నెరవేరలేదు. మా ఆఫీసులో ఆర్‌డీఎఫ్ అంటే అందరూ విఫల ప్రయోగం అంటారు. మీరేమంటారు? - సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, డాలస్

జవాబు: కల అన్నది మొత్తంగా నెరవేరలేదన్న మాట నిజం. మన తరఫున ఒక సాఫ్ట్‌వేర్ ఏజెంటు వెబ్ అంతా తిరిగి, దుకాణాలను పోల్చి, తర్కించి పని చక్కబెట్టుకువస్తుందని ఆశించారు. తర్కానికి అవసరమైన ఓడబ్ల్యూఎల్ అనే భాష 2004లో, ప్రశ్నలు అడిగే స్పార్కెల్ భాష 2008లో ప్రమాణాలయ్యాయి. గద్వాల చీర ఒక రకం చీర, చీర ఒక రకం వస్త్రం అని ఒకసారి చెబితే, వస్త్రాలు అడిగినప్పుడు గద్వాల చీరను తానే కలుపుకునే శక్తి వాటికి వచ్చింది. దుకాణాలు మాత్రం అంత లోతుకు వెళ్లలేదు. వాటికి సెర్చ్‌లో బాగా కనిపించడం ముఖ్యం. ఆ ప్రతిఫలం దొరికినంత మేరకే రాశాయి, అక్కడే ఆగాయి.

అయినా దాన్ని వైఫల్యం అనడం నాకు సరిగా అనిపించదు. స్కీమా డాట్ ఆర్గ్ వెనుక ప్రధానంగా ఉన్న రామనాథన్ గుహ మద్రాసు ఐఐటీలో చదివి, సైక్ అనే కృత్రిమ మేధ ప్రాజెక్టులో పనిచేసి, ఆర్‌డీఎఫ్‌కు పునాది వేసిన వారిలో ఒకరు. సైక్‌లో ప్రపంచ జ్ఞానాన్నంతా కొద్దిమంది నిపుణులు కూర్చుని రాసేవారు. స్కీమా దగ్గరకు వచ్చేసరికి పద్ధతి తిరగబడింది: పదాలు కొన్నే ఉండాలి, వాటి నియమాలు వదులుగా ఉండాలి, రాసేది పేజీ సొంతదారే కావాలి. తర్కం తగ్గింది, వాడకం పెరిగింది. మీ సహోద్యోగులు రోజూ సెర్చ్‌లో చూసే ధరలు, వంటకాల సమయాలు, ఉద్యోగ ప్రకటనల వెనుక ఉన్నది ఈ పదజాలమే.

నన్ను నిజంగా బాధించేది వేరొకటి. హెప్ పద్ధతిలో ప్రతి దుకాణం తన మాటను తన పేజీ మీద బహిరంగంగా రాసుకుంటుంది, ఎవరైనా దాన్ని సేకరించి కొత్త సేవ కట్టుకోవచ్చు. జరిగింది చూస్తే, దుకాణాలు రాసిన దాన్ని వెబ్ అంతటి నుంచీ సేకరించి వాడుకునే సామర్థ్యం గుప్పెడు సెర్చ్ సంస్థలకే మిగిలింది. అవి ఏ గుణాలను చూపిస్తామంటే దుకాణాలు ఆ గుణాలనే రాస్తున్నాయి. పదజాలం అందరిదీ అయినా, దానిలో ఏ పదానికి విలువ ఉంటుందో కొద్దిమంది నిర్ణయిస్తున్నారు. మీలాంటి ఇంజనీర్లు ఆ సమాచారం మీద చిన్న చిన్న సేవలు, ఒక జిల్లా చేనేతకో, ఒక పంట విత్తనాలకో పరిమితమైనవైనా సరే, కట్టగలిగితే పరిస్థితి కొంత మారుతుంది.

ప్రశ్న: మా షాపును ఓఎన్‌డీసీలో చేర్చమంటున్నారు. ఇది కూడా సెమాంటిక్ వెబ్బేనా? - మందుల దుకాణదారు, వరంగల్

జవాబు: దగ్గరి చుట్టం అనవచ్చు గానీ అదే కాదు. కేంద్ర ప్రభుత్వ పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం చొరవతో 2021 డిసెంబరు 31న లాభాపేక్ష లేని కంపెనీగా ఓఎన్‌డీసీ, అంటే ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్, ఏర్పడింది. బెక్న్ అనే బహిరంగ ప్రోటోకాల్ మీద అది నడుస్తుంది. కొనేవారు ఒక యాప్‌లో వెతికితే ఆ ప్రశ్నను గేట్‌వే అమ్మేవారి తరఫు యాప్‌లన్నిటికీ పంపుతుంది, వాటి నుంచి సరుకుల జాబితాలు తిరిగివస్తాయి. కొనేవారి యాప్, అమ్మేవారి యాప్ వేర్వేరు సంస్థలవైనా పరవాలేదు. అందుకు అందరూ సరుకును ఒకే అచ్చులో వర్ణించాలి. సెమాంటిక్ వెబ్‌తో పోలిక ఇక్కడే ఉంది.

తేడా ఏమిటంటే, సెమాంటిక్ వెబ్‌లో మీ పేజీ బహిరంగంగా పడి ఉంటుంది, చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓఎన్‌డీసీలో నమోదైన సభ్యుల మధ్యే సందేశాలు నడుస్తాయి, ఆర్డరు, డబ్బు, బట్వాడా కూడా ఆ సందేశాల్లోనే సాగుతాయి. మీకు రెండూ ఉపయోగపడతాయి. చేరే ముందు మీ సరుకుల జాబితాను ఎవరు నింపుతారు, తప్పు దొర్లితే ఎవరు దిద్దుతారు అని అమ్మకం యాప్ వారిని అడగండి. మందుల విషయంలో ఒక మిల్లీగ్రాము అంకె తేడా కూడా చిన్నది కాదు.

ప్రశ్న: మేము మగ్గం మీద నేసిన చీరలు అమ్ముతాం. మా పక్క ఊరివాళ్లు మరమగ్గం చీరలకు చేనేత అని రాసి, నకిలీ నక్షత్రాలు కూడా పెట్టుకుని మా కంటే సగం ధరకు అమ్ముతున్నారు. ఈ సెమాంటిక్ వెబ్ అబద్ధాన్ని పట్టుకోలేదా? - నేత కార్మికురాలు, మంగళగిరి

జవాబు: పట్టుకోలేదమ్మా. ఈ శీర్షికలో మిగిలిన జవాబులన్నీ మరిచిపోయినా ఇది గుర్తుంచుకోవాలని కోరుకుంటాను. చేనేత అన్న మాట ఏ గుణానికి విలువగా రాశారో యంత్రానికి తెలుస్తుంది. ఆ మాట నిజమో కాదో దానికి తెలిసే దారి లేదు. అబద్ధాన్ని కూడా అంతే చక్కగా, అంతే వేగంగా ప్రపంచమంతా చేరవేస్తుంది. కాబట్టి నిజాన్ని నిలబెట్టే పని వేరేచోట జరగాలి.

చట్టం మీ వైపే ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద 11 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించారు, వాటిలో చీర ఒకటి. ఏ చీరలు ఆ పరిధిలోకి వస్తాయో ఉత్తర్వులో నిర్దిష్టంగా ఉంటుంది, మీ జిల్లా చేనేత, జౌళి శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరును అర్హత లేనివారు వాడితే అది కూడా ఉల్లంఘనే. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఆన్‌లైన్ సమీక్షలను ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెప్పే ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చింది గానీ అది స్వచ్ఛందం కావడంతో దాని పట్టు ఇంకా బలపడాలి. పేజీలో చదివేవారికి కనిపించని సమీక్షలను కోడ్‌లో మాత్రమే పెట్టడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. రుజువైతే ఆ పేజీకి నక్షత్రాలు చూపడం ఆపేస్తారు. అటువంటి పేజీల మీద వారికి నివేదించే ఏర్పాటు ఉంది.

ఇక మీ వంతు పని. చేనేత గుర్తు, అంటే హ్యాండ్‌లూమ్ మార్క్, 2006 నుంచి ఉంది. తీసుకుని ఉంటే ఆ సంగతిని పేజీలో రాసి, స్కీమాలో ధ్రువీకరణ అనే రకం కింద ఇవ్వండి. ధ్రువీకరించిన సంస్థ ఎవరు, మీ నమోదు సంఖ్య ఎంత అన్నవి అందులో చెప్పవచ్చు. చేనేత అన్న ఒక్క మాట ఎవరైనా రాసుకోగలరు. సరిచూడదగిన సంఖ్యతో చెప్పిన మాటను అబద్ధంగా రాయడానికి జంకుతారు. యంత్రం నిజాన్ని తేల్చలేకపోయినా, తేల్చగలిగిన చోటికి దారి చూపగలదు.

ప్రశ్న: ఇప్పుడు చాట్‌బాట్‌లు పేజీ మొత్తం చదివి అర్థం చేసుకుంటున్నాయి కదా. ఇంకా ఈ కోడ్‌లన్నీ ఎందుకు? - బీటెక్ విద్యార్థి, తిరుపతి

జవాబు: పేజీలోని వర్ణనను చదివి సారాంశం చెప్పడంలో అవి చాలా ముందుకు వచ్చాయి, సందేహం లేదు. కానీ దుకాణానికి కావలసినది సుమారుగా సరైన జవాబు కాదు. ధర 2450 అయితే 2450 అనే చెప్పాలి. కొట్టివేసిన 3200ను ధరగా చెప్పినా, నిన్న అయిపోయిన సైజును ఉందన్నా కొన్నవారికీ అమ్మినవారికీ నష్టమే. చాట్‌బాట్ వెనుక ఉన్న భాషా నమూనా ఊహించి చెప్పేదానిని, దుకాణం స్వయంగా ఫలానా గుణానికి ఫలానా విలువ అని చెప్పిన దానితో సరిచూసుకోగలిగితే ఆ తప్పులు తగ్గుతాయి. వ్యక్తులు, వస్తువుల గురించిన సంగతులను గుణాలు, విలువలుగా భద్రపరిచే, గూగుల్ 2012లో ప్రకటించిన నాలెడ్జ్ గ్రాఫ్ లాంటి వాటి ఉపయోగం ఈ కారణంగానే తగ్గలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మీ ఇంట్లో మిక్సీ జార్ పగిలింది. కొత్త జార్ పేజీలో అన్ని మోడళ్లకూ సరిపోతుందని ధీమాగా రాసి ఉంటే చాట్‌బాట్ కూడా అదే మాట మీకు చెబుతుంది. ఫలానా వస్తువుకు ఇది విడిభాగం అని చెప్పే గుణం గుడ్‌రిలేషన్స్ నాటినుంచి ఉంది. తయారీదారు ఏ మోడళ్లకు సరిపోతుందో వాటి నంబర్లతో ఆ గుణం కింద రాస్తే ఊహకు చోటుండదు. తయారీదారులు దీన్ని చాలా తక్కువగా వాడటం విచారకరం. ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే మీ పట్టణంలోని రిపేర్ షాపుల దగ్గర ఉన్న విడిభాగాల సమాచారంతో మొదలుపెట్టండి. ఏ జార్ ఏ మిక్సీకి కూర్చుంటుందో వారికి తెలిసినంతగా కంపెనీ వెబ్‌సైట్లకు తెలియదు.

ప్రశ్న: స్కీమాలో సరుకు పేరు, వర్ణన తెలుగులో రాయవచ్చా? - స్వయం సహాయక బృందం సభ్యురాలు, అనకాపల్లి

జవాబు: నిస్సంకోచంగా రాయండి. గుణాల పేర్లు మాత్రం ఆ పదజాలంలో ఉన్నట్టే ఉండాలి, వాటి విలువలు ఏ భాషలోనైనా ఉండవచ్చు. జేసన్-ఎల్‌డీలో ప్రతి మాటకూ అది ఏ భాషలోనిదో చెప్పే వీలుంది. తెలుగుకు కోడ్ టీఈ. బెల్లం అని తెలుగులో, దాని పేరే ఇంగ్లిషులో, రెండూ ఒకే సరుకు కింద ఇవ్వండి. రెండు వేర్వేరు పేజీలుగా పెట్టి రెండు సరుకుల్లా చూపించకండి. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పనికిరాదు, యూనికోడ్ తెలుగే ఉండాలి. రాయడం పూర్తయ్యాక స్కీమా డాట్ ఆర్గ్ వారి వ్యాలిడేటర్‌లో మీ పేజీ చిరునామా ఇచ్చి చూడండి. తప్పు ఎక్కడుందో వరుసతో సహా చూపిస్తుంది, రుసుము ఏమీ లేదు.